వరమ్మ పిడికిలి

మా గణపవరం వైపు క్రైస్తవుల ఇళ్ళలో వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడి కుండలో వెయ్యడం అలవాటు. కోతపండుగ నాడు ఆ కుండ గుడికి తీసుకువెళ్ళి, సంఘపెద్ద పట్టిన కండువాలో పిడికిళ్ళతో పోస్తారు. ఇచ్చినవాళ్ళు "ఆమేన్" అనేదాకా పెద్ద ఆ కండువా దించకూడదు. అందరూ రెండు మూడు పిడికిళ్ళు పోసి, మిగిలింది గంపలో వంచి, ఆమేన్ అనేస్తారు. వరమ్మ ఒక ఏడు అలా అనలేదు.

అది 1935. ఊడ్పుల రోజుల్లో వరమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. భర్త ఇస్సాకు పడవ మీద ఏలూరు తీసుకువెళితే, చేతికి ఏదో ఒక పని చెబుతూ ఉండమని చెప్పి పంపేశారు డాక్టరుగారు.

ఇంటికి తెచ్చాక ఇస్సాకు అన్న ఎలీయాజరు చూడవచ్చాడు. ఆయనే మా సంఘపెద్ద. మాట పోయినవాళ్ళకు వినపడదనుకున్నాడు కాబోలు, మంచం పక్కనే కూర్చుని, "ఇది కోతల దాకా ఉండదురా తమ్ముడూ. అత్తిలిలో ఒక విధవరాలుంది, మాట వేసి ఉంచుతాను" అన్నాడు. ఇస్సాకు లేచి ఎడ్లకు గడ్డి వెయ్యడానికి వెళ్ళాడు. వరమ్మ కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి.

అత్తగారు హన్నమ్మ ఇసక వేయించి మూటకట్టి కాపడం పెట్టేది. కొల్లేటి నుంచి చేపలు తెచ్చే గంగారత్నం తట్ట దించి, మంచి కొర్రమీను ఏరి ఇచ్చి, ముళ్ళు తీసి తినిపించి మరీ వెళ్ళేది. ఇస్సాకు భార్యకు తల దువ్వడం నేర్చుకున్నాడు. పాపిడి వంకరగానే వచ్చేది.

వరమ్మకు మొదట వచ్చిన మాట "అత్తిలి". ఇస్సాకు తల దించుకుని, తాను ఒప్పుకోలేదన్నాడు.

"కాదనలేదు... మీరు" అంది వరమ్మ.

బావగారి చెంప పగలగొట్టడానికైనా ఈ చెయ్యి రావాలని ఆమె పంతం పట్టింది. హన్నమ్మ విని, "వాడు నా కడుపున పుట్టినవాడే. అయినా కొడుదువుగాని, ముందు చెయ్యెత్తు" అంది.

ఇక అదే మందయింది. వంట వేళ హన్నమ్మ కోడలి చేతిని బియ్యంలో పెట్టి, వేళ్ళు ముడిచి, దేవుడి కుండ మీద విప్పించేది. ఇస్సాకు ఎదురుగా నిలబడి, "ఇవాళ మా అన్న గుండె దాకా వచ్చావు. చెంప ఇంకా జానెడు పైనుంది" అనేవాడు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు ఇది చూసి, శత్రువు కోసం ప్రార్థించాలమ్మా అని మెల్లగా చెప్పారు.

"రోజూ చేస్తున్నానండి" అంది వరమ్మ. "కోతపండుగ దాకా ఆయన్ని చల్లగా ఉంచమని."

పండుగ నాడు ఇస్సాకు భుజం పట్టుకుని గుడికి నడిచి వచ్చింది. ఎలీయాజరు కండువా పట్టాడు. ఆమె చెయ్యి ఆయన చెంప ఎత్తుకు లేచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దిగి కుండలోకి వెళ్ళింది.

ఒక పిడికెడు పోసింది. వేళ్ళు సరిగా విడక సగం అరచేతిలోనే ఉండిపోతే, విదిలించి, మళ్ళీ కుండలో చెయ్యి పెట్టింది. కండువా బరువెక్కి వంగింది. ఎలీయాజరు కండువా కొసలు చేతులకు చుట్టుకున్నాడు. మిగిలింది గంపలో వంచెయ్యమ్మా అన్నాడు మెల్లగా.

"తొందరేముందండి బావగారూ" అంది వరమ్మ అందరికీ వినబడేలా. "కోతలయిపోయినా నేనున్నాను కదండీ. అత్తిలికి ఏమని కబురు పంపారండీ?"

పాస్టరుగారు దగ్గరకొచ్చి క్షమించమన్నారు. "క్షమిస్తానండి. కుండ అడుగు కనపడనివ్వండి" అంది.

చివరికి హన్నమ్మే కూర్చున్నచోటి నుంచి, "ఇక అనెయ్యవే. వాడి నడుం పడిపోతే నేనే కాపడం పెట్టాలి" అంది.

వరమ్మ కుండ బోర్లించి, అడుగున తట్టి, ఆఖరి గింజ రాలాక ఆమేన్ అంది.

ఆ బియ్యంతోనే మధ్యాహ్నం అందరికీ భోజనాలు. ఎలీయాజరుకు వరమ్మే వడ్డించింది, ఎడమచేత్తో.

"కుడిచెయ్యి అలిసిపోయిందండీ బావగారూ" అంది.