సివిల్ వార్ అంటే పొలం తగాదా

2010వ సంవత్సరం. చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన నా ఇమిగ్రేషన్ లా ఆఫీసు ఉండేది. పెళ్ళికి ముందు తెనాలి కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేసి, ఇక్కడికొచ్చాక మళ్ళీ చదివి లాయరునయ్యాను. ఎన్ని కేసులు చూసినా, రాజ్యలక్ష్మిగారి సిటిజెన్‌షిప్ కేసు తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆవిడది ఒంగోలు వైపు. అరవై దాటాయి. కూతురి దగ్గర ఉంటూ గ్రీన్‌కార్డు మీద ఆరేళ్ళయింది. ఒంగోలులో ఒంటరిగా ఉన్న చెల్లెలికి పక్షవాతం వచ్చింది. వెళ్ళి ఎంతకాలమైనా దగ్గరుండి చూసుకోవాలని ఆవిడ ఆరాటం. గ్రీన్‌కార్డువాళ్ళు అన్నాళ్ళు దేశం బయట ఉండిపోతే తిరిగొచ్చేటప్పుడు చిక్కే. పౌరసత్వం వస్తే ఆ బెంగ ఉండదు.

"బిడ్డనీ వదులుకోలేను, దాన్నీ వదిలెయ్యలేను. ఏదో ఒకటి చెయ్ అమ్మాయ్" అన్నారు.

సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూలో సివిక్స్ టెస్ట్ అని ఒకటుంటుంది. అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి పది ప్రశ్నల దాకా అడుగుతారు. ఇంగ్లిష్‌లోనే చెప్పాలి, ఆరు ఒప్పయితే పాస్. తప్పితే ఇంకొక్క అవకాశం, అది రీ-ఎగ్జామ్. అదీ పోతే అప్లికేషన్ మళ్ళీ మొదటినుంచి. ఆవిడ మొదటిసారి ఒకే ఒక్క జవాబు తేడాతో తప్పారు. సివిల్ వార్‌కి, అంటే ఇక్కడి అంతర్యుద్ధానికి, దారితీసిన ఒక సమస్య చెప్పమంటే, ఏమాత్రం తడుముకోకుండా "ల్యాండ్, సార్" అనేశారు.

కారెక్కాక అడిగాను. "పుస్తకంలో స్లేవరీ అని ఉందిగా ఆంటీ, ల్యాండ్ అన్నారేంటి?"

"సివిల్ అంటే పొలం తగాదా కాదా ఏంది? మా గట్టు కేసు ఏళ్ళ తరబడి నడిచింది, నాకు తెలీదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. మన వైపు కోర్టు మెట్లెక్కినవాళ్ళెవరికైనా సివిల్ అంటే అదే మరి. ఇంటికొచ్చి అంట్లు తోముతూ ఆలోచిస్తే, ఆవిడ మాట నేననుకున్నంత తప్పు కాదనిపించింది.

మర్నాడు ఆఫీసులో మ్యాప్ పరిచి, ఇద్దరికీ తెలిసిన భాషలోనే చెప్పాను. అప్పట్లో దేశం చిన్నది. దక్షిణాన పత్తి, పొగాకు తోటల్లో ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా పెట్టి పని చేయించేవారు. ఉత్తరాన మెల్లమెల్లగా ఆ పద్ధతి ఎత్తేశారు. ఇంతలో పడమట బోలెడంత భూమి కలిసింది. అక్కడ కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడల్లా బానిసత్వం ఉండాలా వద్దా అని పేచీ. మ్యాప్ మీద గీత గీసి, పైన వద్దు, కింద ఉండొచ్చు అని రాజీ. ఇంకాస్త భూమి కలవగానే రాజీ చెడి మళ్ళీ పేచీ. చివరికి దక్షిణాది విడిపోతానంది, యుద్ధం వచ్చిపడింది.

ఆవిడ మ్యాప్ మీద పడమటి వైపు వేలు పెట్టారు. "ఈ భూమి అంతకుముందు ఎవరిది?"

"నేటివ్ తెగలది."

"వాళ్ళని కేసులో పార్టీగా చేర్చలా?"

"లేదు ఆంటీ."

"పోనీ ఆ పనిచేసేవాళ్ళని?"

"వాళ్ళని ఆస్తి కింద లెక్కేశారు. పడమట కొత్త తోటలు పడేకొద్దీ పిల్లల్ని అటు అమ్మేసేవారు. తల్లులు ఇక్కడ, పాత తోటల్లోనే ఉండిపోయేవారు."

కేసుకి అసలైన పార్టీలు ఎవరో అంత సూటిగా అడిగిన క్లయింటు నాకు తెనాలిలోనూ తగల్లేదు.

అసలు చిక్కు ఆ పదంతోనే వచ్చింది. కంగారు పడితే స్లేవరీ కాస్తా ఆవిడ నోట "సెలవరీ" అయిపోయేది. పుస్తకంలో మూడు జవాబులున్నాయి, ఏది చెప్పినా ఒప్పే.

"స్టేట్స్ రైట్స్ అనెయ్యండి, తేలిక" అన్నాను.

"అంటే ఏంది?"

"రాష్ట్రాల హక్కులు."

"ఏం చేసుకునే హక్కు?"

"ముఖ్యంగా, బానిసల్ని ఉంచుకునే హక్కు."

"దాన్ని నా నోటితో హక్కు అనను. నోరు తిరక్కపోతే నా తిప్పలేవో నేను పడతా."

చెల్లెలి కోసం అంతగా తపించే మనిషి ఇలా పట్టుబట్టేసరికి నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

రీ-ఎగ్జామ్ చికాగోలో. తొమ్మిది ప్రశ్నలయ్యేసరికి ఐదే ఒప్పయ్యాయి. పదోది అదే ప్రశ్న. లాయరు పక్కన కూర్చోవచ్చు గానీ జవాబు అందించకూడదు.

"సెలవరీ" అన్నారు ఆవిడ.

"శాలరీ?" అన్నాడు ఆఫీసరు.

"నో సార్. సెలవరీ."

ఆయన అర్థం కాక తల అడ్డంగా ఊపి, తప్పని రాయడానికి పెన్ను తీశాడు. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టి ముందుకు వంగారు.

"సార్. పీపుల్ బయింగ్ పీపుల్. సెల్లింగ్ పీపుల్. న్యూ ల్యాండ్ కమింగ్, చిల్డ్రన్ గోయింగ్ వెస్ట్. మదర్ స్టేయింగ్ హియర్, క్రయింగ్. దట్ ప్రాబ్లమ్, సార్."

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. "స్లేవరీ" అన్నాడు మెల్లగా.

"యెస్ సార్. దట్ వన్."

"యూ పాస్డ్, మామ్."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా. ఆ తర్వాత నా క్లయింట్లెవరిచేతా జవాబులు బట్టీ పట్టించలేదు. ముందు సంగతి చెబుతాను, పదం తర్వాత నేర్పుతాను. సంగతి మనసుకెక్కినవాళ్ళు ఏదో ఒక దారిన చెప్పగలరని ఆవిడే నాకు నేర్పారు.

పౌరసత్వ ప్రమాణం చేసి, పాస్‌పోర్టు చేతికి రాగానే ఆవిడ చెల్లెలి దగ్గరికి ప్రయాణమయ్యారు. "రిటర్న్ టికెట్ ఎప్పటికి బుక్ చేయనమ్మా?" అని కూతురు అడిగిందట.

"అది లేచి నడిచినాక" అన్నారట రాజ్యలక్ష్మిగారు.