ప్రాసిత్ గొంతు

బాంకాక్‌లో కాళ్ళతో కూడా కొట్టుకునే మువాయ్ బాక్సింగ్ స్టేడియంలో, చౌక టికెట్ల మెట్ల మీద ప్రాసిత్‌ది ఎప్పుడూ ఒకటే చోటు. వస్తూనే చెప్పులు విడిచి, మెంథాల్ గొట్టం ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చి, చెయ్యి పైకెత్తుతాడు. అక్కడ పందేలన్నీ వేళ్ళ సైగలతోనే. కాలు ఎదుటివాడి ఒంటికి తగిలిందంటే చాలు, కొట్టినవాడి మీద కాసినవాళ్ళంతా ఒక్కసారిగా "హోయ్" అంటారు. మెచ్చుకుని కాదు, జడ్జీల చెవిన పడి పాయింటు వెయ్యాలని. దెబ్బ తిన్నవాడికీ ఒళ్ళుంటుందన్న సంగతి అక్కడ ఎవడికి కావాలి? ఇప్పుడు ఆఫీసు కుర్రాళ్ళు కూడా కాలక్షేపమంటూ ఫోన్లు పట్టుకుని వచ్చి ఆ మెట్లెక్కుతున్నారు. వాళ్ళకు అరవడం నేర్పింది ప్రాసిత్ లాంటి పెద్దమనుషులే.

మొన్న రింగులో ఎర్ర మూలలో నిలబడింది అతని సొంత చెల్లెలి కొడుకు దేచా. ప్రాసిత్ నీలం మూలలో ఉన్న ఎదుటివాడి మీద కాశాడు.

"మీ మేనల్లుడు కదన్నా?" అన్నాడు పక్కవాడు.

"ప్రేమలు ఇంటి దగ్గర. వాడి ఎడమకాలు బాలేదని ఇక్కడ నాకొక్కడికే తెలుసు. పొద్దున నూనె రాసి పట్టింది నేనేగా."

దేచా ఓడిపోయాడు. వాచిన కన్నుతో కుంటుకుంటూ వచ్చి మేనమామకు చేతులు జోడించాడు.

"బాగా కొట్లాడావురా. నా అరుపు వినబడిందా?" అన్నాడు ప్రాసిత్, బొంగురుపోయిన గొంతుతో.

"ఎందుకు వినబడదు మావయ్యా? ఎడమకాలి మీద పడ్డ ప్రతి దెబ్బకీ ముందు నీ గొంతే వినబడింది."

ప్రాసిత్ మెంథాల్ గొట్టం మళ్ళీ ముక్కుకు ఆనించాడు. ఇంతలో తరవాతి జోడీకి గంట మోగింది. అతని చెయ్యి పైకి లేచింది.