బిచ్యా చెప్పని ఆట

బిచ్యాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే ఇప్పటికీ బొటనవేలే చూపిస్తాడు. కానీ ఏ ఏడాది ఏ ఆటలో ఆఖరి ఓవర్‌కు ఎన్ని పరుగులు కావాల్సి వచ్చాయో, ఎవడు క్యాచ్ వదిలేసి మన కొంప ముంచాడో అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఫలితం మాత్రం ముందే బయటపెట్టడు. బౌలర్ ఉరికొచ్చే తీరు దగ్గర మొదలుపెట్టి, బ్యాట్ చప్పుడు నోటితో చేసి, వినేవాడి ఓపిక కాస్త పరీక్షించి, అప్పుడు గానీ అసలు సంగతికి రాడు. పినపాక దగ్గరి తండాలో పుట్టి, ముప్పై ఏళ్లు సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్రను లారీలకెత్తి భుజాలు అరగదీసుకున్న మనిషి. ఈ పిచ్చి ఎక్కడ అంటిందంటే, వెంకటరామారావుగారి ఇంట్లో.

రామారావుగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నాడు. వాళ్ల మిరప చేనుకు అవతల రెండెకరాలు బిచ్యావి. ఇరవై ఏడేళ్ల కింద రామారావుగారి తోటలో కర్ర కొట్టిన రోజు లారీ రావడం ఆలస్యమైంది. వరండాలో ఊరికే కూర్చున్న బిచ్యాను టీవీలో క్రికెట్ చూడమని ఆయనే లోపలికి పిలిచారు. వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత గంటన్నర మనవాళ్ల వికెట్ పడలేదు.

"నువ్వు కదలకురా, కదిలితే వికెట్ పడిపోద్ది," అన్నారాయన.

అంతే, ఆ చోటు ఖాయమైపోయింది. ఇండియా ఎప్పుడు ఆడినా బిచ్యా ఆ గడప పక్కన ఉండాల్సిందే. ఒంటేలుకు వెళ్లాలన్నా ఓవర్ అయ్యేదాకా బిగబట్టుకోవాల్సిందే. నాలుగేళ్ల కింద భార్య ప్రమీలారాణిగారు పోయినప్పుడు రామారావుగారు నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మొదట నోరు విప్పింది బిచ్యాతోనే, ఏదో పాత ఆట చెప్పరా అని. చెబుతుంటే విని, పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆ రోజు నుంచి తనకొక స్నేహితుడున్నాడని బిచ్యా అనుకున్నాడు. ఆ మాట బయటికి అనలేదు గానీ, లోపల చాలా గట్టిగా అనుకున్నాడు.

ఈసారి ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పు మొదలయ్యే ముందు ఛానల్ వాళ్లకూ కేబుల్ వాళ్లకూ రేటు దగ్గర తగువొచ్చింది. వాళ్లూ వాళ్లూ కొట్టుకుని క్రీడల ఛానళ్లన్నీ ఆపేశారు. రామారావుగారు పెద్ద ప్యాకేజీ తీసుకున్నారు. అయినా తెర మీద నల్లటి పలకే. సర్కారు ఛానల్‌లో ఇండియా ఆట ఊరికే వస్తుందని ఎవరో చెబితే అదీ పెట్టారు. అందులో ఎప్పటిదో పాత హాకీ. కేబుల్ మనిషిని నిలదీస్తే, ఆ ఆట కేబుల్‌లో ఇవ్వకూడదని రూలుందన్నాడు. నెలనెలా కట్టే పని లేని సర్కారు డిష్ ఉన్నవాళ్లకే వస్తుందట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. రామారావుగారి కొడుకు నాగచైతన్యది పాల్వంచ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించాడు. పొరలు కమ్మిన ఆయన కళ్లకు ఆటగాళ్లు చీమల్లా కనబడ్డారు.

"మూడొందల ఛానళ్లురా," అన్నారు బిచ్యాతో. "పొద్దున భజనలు, మధ్యాహ్నం మిక్సీలమ్ముతారు. ఆట మాత్రం రాదు."

బిచ్యా ఇంటి మీద ఉన్నది ఆ సర్కారు డిష్షే. ఈ మాట ఎలా చెప్పాలా అని వారం రోజులు నలిగాడు. చివరికి శనివారం పొలం గట్టు మీద అడిగాడు.

"మా ఇంట్ల వస్తది అయ్యా. రేపు మూడింటికి ఆట. రండి."

"చూద్దాంలేరా," అన్నారు రామారావుగారు.

పెద్దవాళ్లు చూద్దామన్నారంటే ఏమిటో లోకమంతటికీ తెలుసు. బిచ్యా మాత్రం ఇంటికి పోయి నులక మంచం బిగించాడు.

"ఆయన రాడు," అంది ద్వాలి, అతని భార్య. "ఇన్నేండ్లల్ల ఓట్లప్పుడు తప్ప మన తండాల కాలు పెట్టిండా?"

"అప్పుడు పని లేకుండె. ఇప్పుడు ఆట ఉన్నది."

"ఆ గడప కాడనే నిన్నెందుకు కూసోబెట్టిండో ఎప్పుడన్న ఆలోచన చేసినవా?"

"వికెట్లు పడకుండ."

ద్వాలి అతని ముఖం చూసింది. రేపటి టీకి పాలు పక్కకు తీసిపెట్టింది.

ఆదివారం పొద్దున్నే కోడలు భార్గవి చేత డిష్ సరిచేయించాడు. వాసన రాకుండా బర్రెను దూరంగా కట్టేశాడు. మంచం ఫ్యాన్ కింద వేసి దుప్పటి పరిచాడు. రెండు గంటలకే తండా వాళ్లు పదిమంది వచ్చి నేల మీద సర్దుకున్నారు. ఆ మంచం మీద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు.

రెండున్నరకు ట్రాక్టర్ చప్పుడైంది. రామారావుగారికి మోకాళ్ల నొప్పి కదా, నడవలేక ట్రాక్టర్ మీద వచ్చారనుకుని బిచ్యా తువ్వాలు దులుపుకుంటూ వాకిట్లోకి ఉరికాడు. ట్రాక్టర్ మీద ఆయన డ్రైవర్ రాజు ఒక్కడే ఉన్నాడు, చేతిలో పానా పట్టుకుని.

"అయ్య నీ డిష్ ఇప్పుకొని రమ్మన్నడన్నా. ఆడ బిగించుకుంటడంట. నిన్ను గూడ ఎక్కించుకొని రమ్మన్నడు. నీ చోటు నీకే ఉన్నదని చెప్పమన్నడు."

ఆయన ప్రేమగానే పిలిచారు. బిచ్యా తట్టుకోలేకపోయింది అదే.

"బోల్టులు తుప్పు పట్టినయి, రావు," అన్నాడు. "ఆయన్నే రమ్మను. మంచం ఏసిన."

"ఆయనెందుకొస్తడన్నా," అన్నాడు రాజు. ఎగతాళిగా కాదు, తెలియనివాడికి నచ్చజెప్పినట్టు అన్నాడు. ట్రాక్టర్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆట మొదలైంది. బిచ్యా గోడకు చేరగిలబడి చూశాడు. ఒక్కో ఫోరుకు తండా అంతా అరుస్తుంటే అతని చూపు మాత్రం వాకిట్లోకి పోతూ వచ్చింది. ఆరుంపావుకు, పన్నెండు బంతులకు ఇరవై ఒక్క పరుగులు కావాల్సి ఉండగా, ఫోన్ మోగింది. మాట వినబడక పెరట్లోకి వెళ్లాడు.

"ఏరా, ఎంత కావాలి?" రామారావుగారు. గొంతులో ఆత్రం. "ఇక్కడ ప్రాణం పోతోందిరా. చెప్పు, ఒక్కో బంతీ చెప్పు."

మాట నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి దుప్పటి పరిచిన మంచం కనబడింది.

"మా తండాల కరెంటు పోయింది అయ్యా."

"అయ్యో, నీకూ ఆట పోయిందా," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

బిచ్యా లోపలికొచ్చి ఆఖరి ఓవర్ నిలబడే చూశాడు. ఇరవై ఏడేళ్లలో అలాంటి ఓవర్ చూడలేదు. ఒక బంతి మిగిలి ఉండగా మనవాళ్లు గెలిచారు. తండా ఎగిరి గంతేసింది. ద్వాలి అతని చేయి పట్టుకుంది.

మర్నాడు రామారావుగారు చేతికర్రతో గట్టు మీదికొచ్చారు.

"గెలిచారటరా. చైతన్య డ్యూటీలో స్కోరు చూసి చెప్పాడు. ఎలా గెలిచారంటే వాడికి తెలీదు. నీకా కరెంటు పోయె, పాపం."

ఆ ముఖంలో అనుమానం లేదు. బిచ్యా చెప్పిన స్కోరును ఆయన ఏనాడూ అనుమానించలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

"చూసినవాళ్లెవరన్నా నీకు చెప్పారేమో, ఆఖరి ఓవర్ ఎలా పోయిందో," అన్నారు గట్టు మీద కూర్చుంటూ, వినడానికి.

ఆ ఓవర్ బంతి బంతీ బిచ్యా కళ్ల ముందే ఉంది. నోరు తెరిస్తే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. మూసుకుంటే, ఈ మనిషికి తాను ఇన్నాళ్లూ ఏమై ఉన్నాడో అది పోతుంది.

"తెల్వదయ్యా," అన్నాడు.

రామారావుగారు మోకాలు పట్టుకుని లేచి, మిరపకు మందు కొట్టే మనిషి వైపు వెళ్లిపోయారు. బిచ్యా ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చాడు.