రామసుబ్బయ్య శెట్టి లోట్ల గోడ

ఆదోనిలో రామసుబ్బయ్య శెట్టి ముసాఫిర్‌ఖానాలో దిగడం తేలికే, బయటపడటమే కష్టం. ఏదో ఒక లోటు చెప్పందే ఆయన ఎవరినీ గడప దాటనిచ్చేవాడు కాదు. బాగుంది అన్నవాళ్ళను అనుమానంగా చూసేవాడు. చాలా బాగుంది అన్నవాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టేవాడు.

ఇది వంటవాడు బుడన్ సాబు ప్రాణం మీదికి వచ్చింది. బస్సుకు తొందరపడే మనిషికి చప్పున తట్టే లోటు ఉప్పే. అతను వంటకు చేరిన ఎనిమిదేళ్ళలో ఉప్పు ఎక్కువైందని ఎంతమంది చెప్పారో, తక్కువైందని అంతమందీ చెప్పారు, అదీ చాలాసార్లు ఒకే కూరకు. శెట్టి ప్రతి లోటునూ వాకిటి గోడ మీద బొగ్గుతో రాసేవాడు. అది సరిదిద్దాక దాని మీద ఇంత సున్నం పూసేవాడు.

శెట్టిది కోడిగుడ్డు కూడా ముట్టని కోమటిల్లు. చిన్నప్పుడు కాశీకి పోతూ, తనకు పనికొచ్చే తిండి దొరక్క మూడు రోజులు అటుకులు నమిలాడట. దర్గా ఉరుసుకు వచ్చే సాయిబులకూ ఊరుకాని ఊళ్ళో అదే అవస్థ కదా అనుకుని, తండ్రి వదిలిపోయిన పత్తి గోదామును ముసాఫిర్‌ఖానా చేశాడు. ఇక హలాల్ విషయంలో ఆయన పట్టింపు చూస్తే ముసల్మానులకే విసుగొచ్చేది. పొద్దున్నే కసాయి అంగడికి పోయి, అటు వీపు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కత్తి పడకముందు బిస్మిల్లా తన చెవిన పడాలి. ఒకరోజు కసాయికి గొంతు బొంగురుపోతే ముసాఫిర్లందరికీ పప్పే వడ్డించారు. ఇంటికి పోతే భార్య ఉమాదేవి పెరట్లోనే నాలుగు చెంబుల నీళ్ళు నెత్తిన గుమ్మరించి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఏటా ఉరుసుకు ముందు ఆయన వంటింట్లోంచి గరిటెడు ఆముదం పట్టుకుపోయేవాడు. బుడన్ ఎందుకని అడగలేదు. పెద్దమనిషి కడుపు సంగతి మనకెందుకని ఊరుకున్నాడు.

ముసాఫిర్లలో శెట్టికి కొరుకుడుపడనిది హొళగుంద హుసేనమ్మ ఒక్కతే. కూలి చేసుకునే ముసలామె, ఒంటరిది. మొదటి ఏడు శెట్టి ఏదో ఇవ్వబోతే, "దర్గాకు వచ్చినా గానీ దానానికి రాలేదప్పా" అని మొహం మీదే చెప్పేసింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా లోటేమీ లేదనేది. శెట్టి వదిలేవాడు కాదు. ఏటా హొళగుంద బస్సు హారను కొట్టేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. శెట్టిని అడిగి ఉంటే లోటు చెప్పకుండా దాన్నీ పోనిచ్చేవాడు కాదు. ఆ మరుసటి ఎండాకాలం ఉరుసులో హుసేనమ్మ బస్సు హారను కొట్టింది, కదిలింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ కూర్చునే ఉన్నారు.

బుడన్‌కు కడుపు మండిపోయింది. ఈయన పిచ్చికి ముసలామె ఇంకో రోజు పడి ఉండాలా? ఎమ్మిగనూరు హోటలువాళ్ళు ఎప్పటినుంచో రమ్మంటున్నారు. అక్కడ తినేవాళ్ళు తిని పోతారు, వాళ్ళను అడిగేవాళ్ళుండరు. బట్టలు రేకుపెట్టెలో సర్దుకుని వాకిట్లోకి వచ్చేసరికి హుసేనమ్మ నోరు విప్పుతోంది.

"సెప్పమని పానం తీస్తాండావు కాబట్టి సెప్తాండా. మీ వాకిట్లో బండలు శానా కాలతాయప్పా. కాలు పెట్టేదానికి కాదు."

శెట్టి మొహం వెలిగిపోయింది. బండల సంగతి గోడకెక్కించాడు. "ఇది ఇంటి తప్పు. బండలు పెరికేదానికి కాదు గదా, సెప్పులన్నా ఇయ్యాల" అంటూ లోపలికి పోయి జత చెప్పులు పట్టుకొచ్చాడు. సరిగ్గా ఆమె పాదాలంత. ఎవరూ తొడగని చెప్పులే గానీ, కొని నాలుగేళ్ళయింది. తోలు బిగుసుకుపోకుండా ఏటా పూసిన ఆముదం గుప్పుమంది.

తప్పు ఇంటిదైనప్పుడు పుచ్చుకోవడానికి హుసేనమ్మకు అభ్యంతరం కనిపించలేదు. తొడుక్కుని బండల మీద రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఇప్పుడు లోటు లేదని తేల్చింది.

పెట్టె పట్టుకుని నిలబడ్డ బుడన్‌కు పాత లోట్లన్నీ గుర్తొచ్చాయి. రాత్రి చలేసిందన్న మనిషి ఉత్త చేతులతో వచ్చి కంబళితో పోయాడు. చీకట్లో తట్టుకుపడ్డానన్న తాతకు చేతికర్ర దొరికింది. కావాలని అడగడానికి నోరు రానివాళ్ళకు కూడా వంక పెట్టడానికి నోరొస్తుందని శెట్టి ఎప్పుడో కనిపెట్టాడు. బుడన్‌కు అది అర్థం కావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

శెట్టి రేకుపెట్టె వైపు చూశాడు. "పోతాండావా బుడన్? సరే, లోటు సెప్పి పో."

ఉప్పు గురించి దులిపేద్దామని బుడన్ నోరు తెరిచాడు. వేరే మాట బయటికొచ్చింది.

"శుక్రవారం జుమా నమాజుకు పోలేకుండా ఉండా శెట్టిగారూ. ఆ యాళకు పొయ్యి మీద కూర ఉంటాది. ఎనిమిదేండ్లాయ."

వేళ తప్పకుండా ముసాఫిర్లందరినీ లేపి మరీ నమాజుకు పంపే మనిషి శెట్టి. ఆయన చేతిలో బొగ్గు ఆగిపోయింది. నిజంగా సిగ్గుపడ్డాడు. ఆ లోటు మాత్రం గోడమీద అందరికంటే పైన, పెద్ద అక్షరాలతో రాశాడు. బుడన్ పెట్టె లోపల పెట్టుకున్నాడు.

శుక్రవారం బుడన్ మసీదుకు పోయాడు. గరిటె శెట్టి పుచ్చుకున్నాడు. మాంసం చూడలేడు కాబట్టి పొయ్యికి వీపు తిప్పి, కళ్ళు మూసుకుని, చెయ్యి వెనక్కి పెట్టి కలిపాడు. ఆ రోజు ముసాఫిర్లు అడగకుండానే లోటు చెప్పారు, అందరూ ఒకటే చెప్పారు. బుడన్ లోటు మీద సున్నం పూసి, పక్కనే "కూర మాడింది" అని శెట్టి తన చేత్తోనే రాసుకున్నాడు.

దాని మీద సున్నం ఎన్నడూ పడలేదు. ప్రతి శుక్రవారం కూర మాడుతూనే ఉండేది. నమాజు నుంచి వచ్చి బుడన్ అదే తినేవాడు. లోటేమని శెట్టి అడిగితే, చాలా బాగుందనేవాడు. శెట్టి అతన్ని మళ్ళీ కూర్చోబెట్టేవాడు.