వలయంలోని మసక చుక్క

ఆమె ఉద్యోగం నక్షత్రాలకు జోడీ వెతకడం. ఆకాశంలో ఏదో ఒక చోటి నుంచి ఎక్స్-కిరణాలు వస్తుంటాయి. అక్కడ కంటికి కనిపించనిదేదో పక్కనున్న నక్షత్రాన్ని కొద్దికొద్దిగా తింటోందని అర్థం. ఆ నక్షత్రం ఏదో తేల్చాలి. నడుమ దుమ్ము. మామూలు వెలుగు అందులోనే ఇంకిపోతుంది, పరారుణ కాంతి మాత్రం దాటి వస్తుంది. ఆ కాంతితో తీసిన ఫోటో మీద, కిరణాలు పుట్టిన చోటు చుట్టూ సన్నటి వలయం గీస్తారు. వలయంలో నాలుగైదు చుక్కలు పడతాయి. అసలు తోడు ఒక్కటే. అందుకే ఆఫీసులో ఆమెను పెళ్ళిళ్ళ పేరమ్మ అంటారు.

ఒకసారి ఆమె వలయంలో బాగా వెలిగే చుక్కను ఎంచింది. అదే అసలు తోడని రాసిన వ్యాసంతో ఆమెకు పేరొచ్చింది. ఆమె దగ్గర పనిచేసే పరిశోధకుడు మాత్రం పక్కనున్న మసక చుక్కే అన్నాడు.

"కళకళలాడే పిల్లను వదిలి మూలన కూర్చున్నదాన్ని చూస్తావేంటి తమ్ముడూ?" అని నలుగురినీ నవ్వించింది.

అతనూ నవ్వాడు. "మూలన కూర్చున్నవాళ్ళే ఇల్లు నడుపుతారక్కా."

అతని ఉద్యోగం పొడిగించాలా వద్దా అని మీటింగు పెట్టిన రోజు పొద్దునే, అతను అడిగి వేయించిన పరిశీలన ఫలితం ఆమె కంప్యూటర్లోకి వచ్చింది. మసక చుక్క వర్ణపటంలో హైడ్రోజన్ గీత నిటారుగా లేచి ఉంది. వేడి వాయువు సుడి తిరిగే చోటే అది అలా లేస్తుంది. అంటే అసలు తోడు ఇదే. వెలిగే చుక్క, దారిన పోయే మనిషి ఫోటోలో పడ్డట్టు, ఊరికే అడ్డొచ్చింది. ఆమె కిటికీ కర్టెన్ వేసింది. ఎండ ఎక్కువగా ఉందనుకుంది.

మీటింగులో ఆఫీసు పెద్దాయన అడిగాడు. "ఇన్నాళ్ళూ ఆ మసక చుక్కనే పట్టుకు వేలాడాడు. ఏమైనా తేలిందా?"

"ఇంకా చూడాలండీ," అంది.

అతని ఉద్యోగం పోయింది.

భోజనాల తర్వాత ఆమె ఆ ఫలితం గ్రాఫు పట్టుకుని అతని గదికి వెళ్ళింది. అతను పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు.

"ఇంట్లో చెప్పావా?"

"సాయంత్రం చెప్తా. ఫోన్లో చెబితే మా ఆవిడ జోకనుకుంటుంది."

ఆమె కాగితం ఇచ్చింది. అతని మొహంలోకి నెమ్మదిగా వెలుగొచ్చింది. ఉద్యోగం సంగతే మరిచిపోయాడు. "ఎంత చక్కగా లేచిందక్కా," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఎప్పుడొచ్చింది?"

"ఇవాళే."

"మీటింగు తర్వాతేనా?"

తలూపితే చాలు. దారి అతనే తెరిచిపెట్టాడు.

"ముందే," అంది.

అతను పెట్టె మీద టేపు అతికించాడు, గోటితో నొక్కి నొక్కి. "ఈ కాగితం నా దగ్గర ఉండనీండి," అన్నాడు.

ఆమె వట్టి చేతులతో మెట్లెక్కింది. పెద్దాయన గది తలుపు తీసే ఉంది.

"పొద్దున మీ దగ్గర నిజం దాచానండీ," అంది, ఇంకా గుమ్మంలో ఉండగానే.