నాలుగో ఛాంబరు సైరన్

గుంటూరు శివార్లలో మేం పనిచేసే కోల్డ్ స్టోరేజీకి నెట్‌వర్క్ చూసేవాడు ఇషాక్. కెమెరాలు, కాటాలు, కంప్యూటర్లు అన్నీ ఒక్క పెట్టెకే తగిలించాలి. దానికి వైర్లు గుచ్చే పోర్టులు ఇరవై నాలుగే. మిర్చి సీజనొస్తే అందరికీ చోటు కావాలి. ఇంకో పెట్టె కొనమని మూడేళ్లు మొత్తుకున్నాడు. కొనలేదు మహానుభావులు! అందుకని తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేని వైరు పీకేసి, ఆ పోర్టు అడిగినవాళ్లకి ఇచ్చేవాడు.

మొన్న మార్చిలో గేటుకి కొత్త కెమెరా పెట్టమన్నారు. ఇషాక్ లిస్టు చూసి పదిహేడో వైరు పీకాడు. టీ గ్లాసుతో పక్కనే ఉన్నాను నేను. నాలుగో ఛాంబరులో చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు కారితే సైరన్ మోగించే వైరది. గ్యాసు కారనన్నాళ్లూ అదేం పలుకుతుంది?

తొమ్మిదో రోజున కారింది. లోపల మిర్చి టిక్కీలు, అవే బస్తాలు, పేరుస్తున్న ముఠా కూలీ సైదా బయటికి రాలేకపోయాడు. శవాన్ని తీసుకెళ్లగానే ఇషాక్ గేటు కెమెరా వైరు తీసేసి సైరన్ వైరు మళ్లీ తగిలించాడు. అదీ చూశాను. విచారణకొచ్చినవాళ్లు టెస్టు బటన్ నొక్కితే సైరన్ చక్కగా మోగింది. మోగినా సైదా లెక్కచెయ్యలేదని రాసుకుపోయారు.

ఆనాటి నుంచి ఇషాక్‌కి తిండి లేదు. ముద్ద నోటి దగ్గర ఆపేసి, "మోగుతోంది, వినపడ్డంలా మూర్తిగారూ?" అనేవాడు. "ఏం లేదు, తినవయ్యా" అని కసిరేవాణ్ణి.

చివరికి సైదా భార్య నస్రత్ దగ్గరికి వెళ్లాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

"సైరన్ మోగలేదమ్మా. వైరు పీకింది నేనే."

ఆమె అరుస్తుందనుకున్నాను. గడప మీద కూలబడింది.

"రోజూ తిట్టుకుంటన్నానన్నా, మోగినా వినకుండా పోయాడని. పిల్లలకీ అదే చెప్పా." కొంగు బిగించి లేచింది. "ఆ కాగితం రాసినోళ్లకి చెప్పు. ఆయన తప్పు కాదని రాయమను."

మర్నాడే ఆమెను వెంటబెట్టుకెళ్లి మేనేజరు ముందు చెప్పాడు ఇషాక్. ఇషాక్‌కి బెంగతో మతి చలించిందన్నాడాయన. నన్ను పిలిపించాడు.

"రాధాకృష్ణమూర్తిగారూ, ఇతను వైరు పీకడం మీరేమన్నా చూశారా?"

ఇషాక్ ధైర్యంగా నావైపు తిరిగాడు. నస్రత్ కూడా చూసింది. నాకింకా రెండేళ్ల సర్వీసుంది.

"చూళ్లేదండీ" అన్నాను.