రాయి కింద నత్త

మా అత్త వాగులో కడవ ముంచే ముందు ఒక రాయి తిరగేసి చూసేది. రాయి అడుగున నత్తలు కరుచుకొని ఉంటే, చిన్న పురుగులు వెలుతురుకు బెదిరి పక్కకు పారిపోతే, రాయిని మళ్లీ అట్లనే బోర్లించి నీళ్లు ముంచుకునేది. "వాటికి పడిన నీళ్లు మనకూ పడతాయమ్మాయ్" అనేది. తర్లుపాడు దిక్కున మా పల్లెకు ఆ వాగే ఆధారం. ఊరి బావిలో మేము చేద వేయకూడదు. ఎవరైనా పోస్తే పట్టుకోవాలి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, బాప్తిస్మాలు ఇవ్వడానికి పాదిరి అయ్యగారు వస్తారని కబురొచ్చింది. తీసుకునేవాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు. వాగు అప్పటికే పారడం మాని ఒక్క మడుగుగా నిలిచింది. దేవుని కార్యం జరిగే నీళ్లు పాచిపట్టి ఉంటే ఎట్లని పల్లె అంతా దిగినాం. తుంగ పీకినాం, నాచు తీసినాం, అడుగు బురద తట్టలకెత్తి గట్టున పోసినాం. ఎంత చేసినా నీళ్లు తేరుకోలేదు. మా ప్రార్థన గుడికి వెల్ల వేయగా మిగిలిన సున్నం ఉంది. కడవలో ఇండుపగింజ అరగదీస్తే నీళ్లు తేటబడవా, మడుగుకు సున్నమూ అంతే అనుకున్నాం. ఆ మాట ముందుగా అన్నది మా అత్తే. తట్ట మోసి మడుగులో పోసిందీ ఆమే.

తెల్లారేసరికి మడుగు అద్దంలా ఉంది. అంచున చేపపిల్లలు వెల్లకిలా తేలినాయి. వాటిని గుడ్డతో ఎత్తేసి కార్యం కానిచ్చినాం. మునిగి లేచినవాళ్లందరి కళ్లూ ఎర్రబడినాయి. భక్తితో ఏడుస్తున్నారనుకొని మేమూ కళ్లొత్తుకున్నాం. మా ఆయన మాత్రం ఒడ్డుకొచ్చి, "మంట" అన్నాడు.

మరునాడు అత్త రాయి తిరగేసింది. ఏమీ లేదు. ఇంకో రాయి తీసింది, ఇంకోటి తీసింది. అన్నీ తెల్లగా, ఉత్తగా ఉన్నాయి. పక్కన ఇసుకలో చెలమ తవ్వి ఆ నీళ్లు నోట పోసుకొని, వాటిలోనూ సున్నపు ఘాటే తగిలి ఉమ్మేసింది.

"ఇంత తేటగా ఎప్పుడన్నా ఉన్నాయా వదినా" అన్నది పక్కింటామె.

"తేటగా ఉంటే ఏంజేసుకోను? దీంట్లో బతికిందేదీ లేదు. నా కోడలు పాలిచ్చే మనిషి. ఏదో ఒకటి బతికి కనబడేదాకా ఈ నీళ్లు మా ఇంటికి రావు."

అప్పట్నుంచి నాకు రోజూ రెండు పనులు. పొద్దున్నే పోయి రాళ్లు తిరగేసేది, ఏమీ లేకపోతే బిడ్డను అత్తకిచ్చి ఊరిబావికి నడిచేది. బావి దగ్గర దూరంగా కడవ పెట్టుకొని నిలబడాలి. పిలవకూడదు. వాళ్ల బిందెలన్నీ నిండినాక ఎవరికైనా దయ పుడితే పోస్తారు. ఎండకు తల తిరిగేది, పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. ఒకామె తరచూ పోసేది. పోస్తూ, "ఏమే, మీ దేవుడు మునిగిన నీళ్లు మీకే పనికిరాకుండా పోయినాయా" అనేది. అంటే అననీ, పోసేది కదా. మా నాయన నాకు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, ముద్ద నోట పెట్టుకునే ముందు స్తోత్రం చెప్పడం నేర్పినాడు. ఆ నీళ్లకు కూడా చెప్పేదాన్ని. కొన్ని దినాలు అలసటతో సగంలోనే మరిచిపోయేదాన్ని.

కొండల్లో ఎక్కడో పెద్ద వాన పడి వాగు ఎర్రగా పారింది. సున్నమూ కొట్టుకొనిపోయింది, మేము చెలమ తవ్విన ఇసుకా కొట్టుకొనిపోయింది. నీళ్లు తేరుకున్న తర్వాత కూడా చాలా దినాలు రాళ్లు ఉత్తవే. ఒక పొద్దున రాయి అడుగున నువ్వుగింజంత నత్త కనబడింది. అత్తను పిలిచినాను.

"ఒకటేనా?"

"ఒకటే అత్తా. కదలతాంది."

చూపు ఆనక వేలితో తడిమింది. "రాయి ఎట్లుండెనో అట్ల పెట్టు. మెల్లగా."

ఆ దినమూ బావికే పోయినాను. తర్వాత కొన్నాళ్లకు, తిరగేసిన ప్రతి రాయికీ ఏదో ఒకటి కనబడింది. అత్త ముందు తాను తాగింది, ఒక దినం ఆగింది. తర్వాత, "రేపట్నుంచి ఇక్కడే ముంచుకో" అన్నది. నాకు సంతోషపడే ఓపిక కూడా లేదు. ఒడ్డున కూచొని స్తోత్రం మాత్రం చెప్పుకున్నాను, ఈసారి చివరిదాకా.

నీళ్లు పోసినామెకు చెప్పకుండా మానడం బాగుండదని ఆ మాపు బావికి పోయినాను.

"రేపట్నుంచి రానమ్మా. వాగు బాగైంది."

"ఎట్ల తెలిసిందే?"

"నత్తలొచ్చినాయి."

"థూ, నత్తల నీళ్లా తాగేది" అని నవ్వింది. నవ్వుతూనే చేద వంచింది. ఎప్పుడూ మెడదాకా పోసి ఆపే మనిషి, ఆ దినం కడవ పొర్లేదాకా పోసింది.